మోర్సింగ్, మౌత్ ఆర్గాన్, హార్ప్: ఏ కళాకారుణ్ణి ఏ వాద్యంతో వినాలి?

కోటవీధి శ్రోత, విజయనగరం (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. విజయనగరంలో సంగీతమంటే ఇష్టపడే కొందరం నెలకొకసారి ఎవరో ఒకరి ఇంటి మేడ మీద చేరి, రికార్డులు విని, విన్నదాని గురించి మాట్లాడుకుంటూ ఉంటాము. ఇంతవరకు గాత్రం, వయొలిన్, వీణ చుట్టూనే తిరిగాము. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులుగా 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరు గనుక, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ దగ్గర మొదలైన సంభాషణ చాలాసార్లు అక్కడే ముగుస్తుంది. వచ్చే నెల వంతు నాకు వచ్చింది. ఈసారి మోర్సింగ్, మౌత్ ఆర్గాన్, పాశ్చాత్యుల హార్ప్ అనే మూడింటిని తీసుకుని, వాటిలో పేరుపొందిన వాద్యకారులను వినిపించాలని అనుకుంటున్నాను.

పేర్ల పట్టిక నాకు అక్కరలేదు. ఫలానా కళాకారుడు గొప్పవాడని చెప్పి రికార్డు వినిపిస్తే మా వాళ్లు తల ఊపి ఊరుకుంటారు. అతని చేతిలో ఏ రకపు వాద్యం ఉన్నది, దానితో ఏది సాధ్యం, ఏది అసాధ్యం, ఆ అసాధ్యాన్ని అతడు ఎలా దాటాడు అన్నది తెలిస్తే వినికిడే మారిపోతుంది. ఆ దృష్టితో ఎవరెవరిని, ఏ వరుసలో వినిపించాలో పెద్దలు చెప్పగోరుతున్నాను.

మరొక చిన్న సందేహం. మృదంగం నేర్చుకుంటున్న మా మేనకోడలు ఇటీవల ఒక కచేరీలో మోర్సింగ్ విని, తానూ నేర్చుకుంటానని పట్టుపట్టింది. ఇనుప వస్తువును పళ్లకు ఆనించి వాయిస్తే పళ్లు పాడవుతాయని మా అమ్మగారు ఒప్పుకోవడం లేదు. ఆ భయంలో నిజమెంత?

లయ విద్యార్థి, శ్రీకాకుళం

కోటవీధి శ్రోత గారికి నమస్కారం. మోర్సింగ్‌తోనే మొదలుపెట్టండి. మూడింటిలో అన్నిటికన్నా తక్కువ సదుపాయం ఉన్న వాద్యం అదే కనుక, వాద్యకారుడి పని అందులో అన్నిటికన్నా స్పష్టంగా వినబడుతుంది.

గుర్రపు లాడం ఆకారంలో ఒక ఇనుప చట్రం, దాని రెండు కొమ్ముల మధ్య నుంచి సాగి, చివర పైకి వంగిన సన్నని ఉక్కు నాలుక, ఇంతే దాని నిర్మాణం. చట్రాన్ని ఎడమచేత పట్టుకుని, ఆ రెండు కొమ్ములను ముందు పళ్లకు తేలికగా ఆనించి, కుడిచేతి చూపుడువేలితో వంపు కొసను మీటుతారు. ఉక్కు నాలుక ఇచ్చే మూలస్వరం ఒక్కటే, అది మారదు. మారేదంతా నోటిలోనే జరుగుతుంది. నాలుకను ముందుకు వెనుకకు జరిపి, గొంతును తెరిచి మూసి, ఊపిరిని లోపలికి లాగి బయటికి వదిలి, ఆ ఒక్క స్వరంలో దాగి ఉన్న అనుస్వరాలలో ఒక్కొక్కదాన్ని పైకి తెస్తారు. నోరే ఇక్కడ వీణకు కుండ.

మూలస్వరం మారదు కాబట్టి గాయకుల శ్రుతిని బట్టి వాద్యమే మారాలి. అందుకే కచేరీకి వచ్చే మోర్సింగ్ విద్వాంసుడి పెట్టెలో ఒకటి కాదు, అనేక మోర్సింగులు ఉంటాయి. శ్రుతి కొద్దిగా తగ్గించాలంటే ఉక్కు నాలుక కొసన తేనెమైనం అంటిస్తారు. బరువు పెరిగి కంపనం నెమ్మదిస్తుంది. పెంచాలంటే ఆ ఉక్కు నాలుకను ఆకురాయితో రాయాలి, అది వేదిక మీద అయ్యే పని కాదు. కనుక అవసరమైన శ్రుతికి ఒక పిసరు ఎక్కువ ఉన్నదాన్ని తెచ్చుకుని మైనంతో దింపుకోవడమే తెలివైన పద్ధతి. కచేరీకి ముందు ఆ మైనపు ఉండను అంటించి, మీటి, మళ్లీ గిల్లి తీసే దృశ్యాన్ని మీ వాళ్లకు తప్పక వర్ణించి చెప్పండి.

కర్ణాటక సంగీతంలో మోర్సింగ్ స్థానం ఘటం, కంజీరల సరసన. మృదంగం వాయించిన జతులనే (తకధిమి వంటి తాళపు పలుకులనే) ఇక్కడ నోటిలో నాలుకతో పలుకుతూ, వేలితో మీటుతారు. అంటే జతులను నోటితో పలికే కొన్నక్కోలును శబ్దం లేకుండా చెబుతున్నట్టే లెక్క. అందువల్ల మృదంగ పాఠం రానివాడికి మోర్సింగ్ రాదు. మీ మేనకోడలు సరైన చోట నుంచే మొదలుపెట్టింది. కచేరీలో తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనంలో మృదంగం ముందు వాయించి వదిలిన వరుసను మోర్సింగ్ అందుకునే చోటు వినిపించండి. మృదంగపు తొప్పి (ఎడమ ముఖం) వైపు వచ్చే గుంకారాన్ని ఈ చిన్న ఇనుప ముక్క ఎలా అనుకరిస్తున్నదో గమనించమనండి. చివరి ముక్తాయింపులో రెండూ కలిసినప్పుడు మోర్సింగ్ దాదాపు మాయమవుతుంది, మంచి విద్వాంసుడు దాన్ని లోపంగా భావించడు.

పేర్లంటే, పాతతరంలో పుదుక్కోట్టై మహదేవన్, తరువాత శ్రీరంగం కణ్ణన్, బెంగుళూరు వైపు ఎల్. భీమాచార్, ఆయన కుమారుడు బి. రాజశేఖర్. భీమాచార్ కుమార్తె భాగ్యలక్ష్మి కృష్ణ కూడా మోర్సింగ్ విదుషీమణి కనుక, మీ మేనకోడలికి ముందుగా ఆమెను వినిపించడం మంచిదని నా అభిప్రాయం.

ఆ తరువాత దక్షిణాది దాటండి. రాజస్థాన్‌లో లంగా, మాంగణియార్ అనే గాయక కులాలవారు వాయించే మోర్చంగ్ మన మోర్సింగ్‌కు తోబుట్టువే అయినా అక్కడ అది పాటకు ఊపు. అస్సాంలో బిహు పాటల వెంట వచ్చే గగనా వెదురుతో చేసినది. సైబీరియాలోని యకూతులకు ఖోముస్ అనే వాద్యం జాతి చిహ్నమంతటిది. అక్కడ స్పిరిదోన్ షిషిగిన్ వంటివారు తాళవాద్యంగా కాక, ఒంటరిగా కూర్చుని గుర్రపు డెక్కల చప్పుడు, పక్షుల కూత, కరిగే మంచు బొట్ల సవ్వడి నోటితో సృష్టించే స్వతంత్ర కళగా దాన్ని పెంచారు. యకూత్స్క్‌లో ఈ వాద్యానికి ప్రత్యేకంగా ఒక మ్యూజియం ఉన్నది. మన విద్వాంసుడు లెక్క కోసం వాయిస్తే, వారు ప్రకృతి కోసం వాయిస్తారు. రెండూ ఒకదాని వెంట ఒకటి వినిపిస్తే చర్చకు మీరు ఏమీ చేయనక్కరలేదు.

ఆస్ట్రియాలోని మోల్న్ అనే ఊళ్లో దీన్ని తయారుచేసే పనివారికి 1679 నుంచే సంఘం ఉండేది. బీథోవెన్‌కు పాఠం చెప్పిన ఆల్బ్రెక్ట్స్‌బెర్గర్ ఈ వాద్యానికి తంత్రీవాద్యాల తోడుతో కచేరీ కృతులు రాశాడు. ఒక్క స్వరపు అనుస్వరాలతోనే రాగం నడపవలసిన ఇబ్బందిని ఆ కృతులలో వినవచ్చు.

పళ్ల విషయంలో మీ అమ్మగారి భయం పూర్తిగా నిరాధారం కాదు. కార్ల్ ఓయిలెన్‌స్టైన్ అనే జర్మన్ వాద్యకారుడు (1802–1890) వేర్వేరు శ్రుతులలో ఉన్న 16 వాద్యాలను మార్చి మార్చి వాయిస్తూ 1820లలో లండన్‌లో పేరు తెచ్చుకున్నాడు. ఇనుము తగిలి తగిలి పళ్లు భరించలేని బాధకు లోనయ్యాయి. ఒక దంతవైద్యుడు పళ్లకు జిగురు పూత కనిపెట్టి ఇస్తే కొంతకాలం నెట్టుకొచ్చి, చివరకు ఈ వాద్యాన్ని మానుకుని గిటారు పాఠాలు చెప్పుకున్నాడు. అయితే అతనిది రాత్రింబవళ్ల సాధన. పిల్లలకు చెప్పవలసినవి రెండే. చట్రాన్ని పళ్లతో కొరికి పట్టుకోకూడదు, తేలికగా ఆనించాలి. పై పళ్లకు, కింది పళ్లకు మధ్య ఉక్కు నాలుక కదిలేంత సందు వదలాలి. ఆ సందు లేక నాలుక పంటికి కొట్టుకోవడం వల్లనే కొత్తవారికి దెబ్బ తగులుతుంది. పాలపళ్లు పూర్తిగా ఊడి, కొత్తవి గట్టిపడే దాకా ఆగమంటే అమ్మగారు కూడా ఒప్పుకుంటారు. పళ్లకు తీగ కట్టించుకున్న పిల్లలైతే అది తీసేదాకా వద్దు.

పాత రికార్డుల మనిషి, చీపురుపల్లి

లయ విద్యార్థి గారు చెప్పిన దాని మీద నేను మౌత్ ఆర్గాన్‌ను నిలబెడతాను. నోటి ఆకృతితో స్వరాన్ని మలచడమనే విద్య ఇందులోనూ ఉన్నది, కాని పైకి తెలియదు.

ముందుగా ఒక హెచ్చరిక. మన బజారులో సాధారణంగా దొరికేది 24 రంధ్రాల రెండు వరుసల ట్రెమోలో రకం. ప్రతి స్వరానికి రెండు రీడులు (ఊపిరికి కంపించే లోహపు రేకులు) ఉంటాయి, వాటి శ్రుతులు ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడాతో ఉంటాయి కనుక నాదం అలలాగా ఊగుతుంది. సినిమా పాటలకు అది ఎంతో హాయిగా ఉంటుంది. కాని అమెరికా నల్లజాతివారి బ్లూస్ వాదనం దానిపై రాదు. ఆ విద్యకు కావలసినది 10 రంధ్రాలు, 20 రీడులు గల డయటోనిక్ రకం (ఒకే స్కేలు స్వరాలు మాత్రమే ఉన్నది). మాథియాస్ హోనర్ 1857లో జర్మనీలోని ట్రోసింగెన్‌లో మొదలుపెట్టిన సంస్థ 1896లో తెచ్చిన మెరీన్ బ్యాండ్ ఆ రకంలో అందరికీ తెలిసినది.

దాని స్వరాల అమరిక మీ శ్రోతలకు రాగాల భాషలో చెప్పండి. సి శ్రుతి వాద్యం తీసుకుని నాలుగో రంధ్రం ఊదిన స్వరాన్ని షడ్జం చేసుకుంటే, ఏడో రంధ్రం ఊదేదాకా శంకరాభరణం సంపూర్ణంగా వస్తుంది. నాలుగో రంధ్రం పీల్చిన స్వరం షడ్జమైతే ఖరహరప్రియ. ఆరో రంధ్రం ఊదిన స్వరం షడ్జమైతే హరికాంభోజి. గ్రహభేదం (షడ్జాన్ని మార్చి కొత్త రాగం పుట్టించడం) తెలిసినవారికి ఇందులో వింత లేదు. వింత కింది స్థాయిలో ఉన్నది. తయారీదారు సులువుగా తోడు స్వరాలు పలకాలని మొదటి మూడు రంధ్రాల అమరికలో మధ్యమాన్ని, ధైవతాన్ని వదిలేశాడు. ఆ స్థాయిలో సరళంగా పాట వాయించబోతే మెట్లు విరిగిన నిచ్చెన ఎక్కినట్టే.

బ్లూస్ వాద్యకారులు సరిగ్గా ఆ విరిగిన చోటికే వెళ్లారు. రెండో రంధ్రం పీల్చిన స్వరాన్ని, అంటే తయారీదారు పంచమమనుకున్నదాన్ని, షడ్జంగా పెట్టుకున్నారు. లేని స్వరాలను రీడును వంచి తెచ్చుకున్నారు. ఒక రంధ్రంలో ఊదే రీడు, పీల్చే రీడు పక్కపక్కన ఉంటాయి. నోటిలోని ఖాళీని నాలుకతో మార్చి పీలిస్తే, పై శ్రుతి గల రీడు కిందికి జారి తన జంట రీడు వైపు వంగుతుంది. మూడో రంధ్రంలో ఇలా మూడు స్వరాల దాకా వస్తాయి. ఏడుపుకు దగ్గరగా ఉండే ఆ జారుడే బ్లూస్‌కు ప్రాణం, అది ఆ వాద్యంలోని లోటు నుంచి పుట్టింది.

వినిపించవలసినవారిలో సోనీ టెర్రీ ఒకరు. చూపులేని ఈయన వాద్యాన్నీ, నోటి కేకనూ ఒకే ఊపిరిలో కలిపి, రైలు పరుగును కళ్లకు కట్టిస్తాడు. తరువాత లిటిల్ వాల్టర్. చిన్న మైకును వాద్యంతో కలిపి రెండు అరచేతుల దొప్పలో బిగించి, ఆంప్లిఫైయర్ గుండా పంపి, ఆ బొంగురును కూడా సంగీతంగా మార్చినవాడు. 1952లో ఆయన రికార్డు చేసిన 'జ్యూక్' అనే పాటలేని వాద్యగీతం అమెరికాలో ఆ తరహా పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. 1968లో ఆయన పోయేనాటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

లోటే లేని వాద్యం కావాలనుకున్నవారు క్రోమాటిక్ వైపు వెళ్లారు. పక్కన ఉన్న మీటను నొక్కితే ప్రతి స్వరం అర మెట్టు పైకి పోతుంది. 12 రంధ్రాల దానిలో 48 రీడులు. లారీ అడ్లర్ దీన్ని పాశ్చాత్య శాస్త్రీయ వేదిక ఎక్కించాడు. ఆంగ్ల స్వరకర్త వాన్ విలియమ్స్ అంతటివాడు 1951లో ఆయన కోసం ఒక కృతి రాశాడు. జాజ్‌లో బెల్జియంకు చెందిన టూట్స్ థీలెమాన్స్ (1922–2016) మాట అందరూ ఒప్పుకుంటారు. నాకు మాత్రం లిటిల్ వాల్టర్ తరువాతే ఎవరైనా.

మన దేశంలో 1958 నాటి 'సోల్వా సాల్' చిత్రంలోని 'హై అప్నా దిల్ తో ఆవారా' పాటకు మౌత్ ఆర్గాన్ వాయించినది యువకుడైన ఆర్.డి. బర్మన్. 'షోలే'లో అమితాబ్ తెరపై వాయించినట్టు కనిపించే ఆ స్వరం భాను గుప్తాది. ఈ రెండూ వినిపిస్తే మేడ మీద ఉన్నవారంతా గొంతు కలుపుతారు. ద్వారం వారు పరదేశపు వయొలిన్‌తో సాధించినదాన్ని మౌత్ ఆర్గాన్‌తో ఎవరైనా సాధించవచ్చు కదా అన్న చర్చ కూడా పెట్టవచ్చు.

వీణ నేర్చుకుంటున్న పాఠకురాలు, బొబ్బిలి

చీపురుపల్లి వారి చివరి వాక్యంతో మాత్రం నేను ఏకీభవించలేను. వయొలిన్‌కు మెట్లు లేవు, వేలు ఎక్కడ జారితే స్వరం అక్కడికి జారుతుంది, కనుకనే అది మన గమకాన్ని (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడాన్ని) మోయగలిగింది. స్థిరమైన రీడుల వాద్యం సంగతి వేరు. హార్మోనియాన్ని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా నిషేధించడానికి చెప్పిన కారణాలలో ఇదీ ఒకటి. మీరు చెప్పిన వంపు కూడా అన్ని రంధ్రాలలో రాదు. ఊదే స్వరానికీ పీల్చే స్వరానికీ అర మెట్టే తేడా ఉన్న అయిదు, ఏడు రంధ్రాలలో వంగడానికి చోటే లేదు. ఇంపైన పాట వాయించవచ్చు, తోడి రాగంలో గాంధారం పలికించలేము.

నిలువు చట్రంలో తీగలు బిగించిన హార్ప్‌కు కూడా ఇదే చిక్కు. మా ఊరి పక్క గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణలో తీగ లాగితే మూడు నాలుగు స్వరాలు పలుకుతాయి. హార్ప్‌లో ఒక తీగకు ఒక స్వరమే. కచేరీ హార్ప్‌కు 47 తీగలు, 7 పెడళ్లు. షడ్జాది ఏడింటికి ఒక్కొక్క పెడల్, ఒక్కొక్కదానికి మూడు నిలుకడలు. కాలితో ఒక మెట్టు నొక్కితే ఆ పేరుగల తీగలన్నీ అన్ని స్థాయిలలోనూ ఒక్కసారిగా అర మెట్టు మారతాయి. 1810లో పారిస్, లండన్ నగరాలలో పనిచేసిన సెబాస్టియన్ ఎరార్ ఈ రెండంచెల యంత్రాంగానికి పేటెంటు పొందాడు. చేతులు పైన తీగలపై ఉంటే, కాళ్లు కింద రాగం మారుస్తూ ఉంటాయి. వేదిక మీద ఆ కాళ్ల పని ప్రేక్షకులకు కనబడదు.

పెడళ్లు రాకముందు కాలానికి ఐర్లండ్ వెళ్లండి. మశూచి వల్ల పద్దెనిమిదో ఏట చూపు పోయిన టర్లో ఓకారలన్ (1670–1738) గుర్రం మీద ఇల్లిల్లూ తిరుగుతూ, ఆతిథ్యమిచ్చిన వారి పేరిట బాణీలు కట్టాడు. ఆ రోజుల ఐరిష్ హార్ప్‌కు లోహపు తీగలు, వాటిని గోళ్లతో మీటేవారు. 1792లో బెల్‌ఫాస్ట్‌లో పాత హార్ప్ వాద్యకారులను ఒకచోట చేర్చినప్పుడు, తొంభై దాటిన డెనిస్ హెంప్సన్ ఒక్కడే ఇంకా గోళ్లతో వాయిస్తూ ఉన్నాడు. ఆ బాణీలను రాసుకోవడానికి నియమితుడైన ఎడ్వర్డ్ బంటింగ్ వల్లనే అవి మనదాకా వచ్చాయి. హెంప్సన్ చేతిలోని హార్ప్ 1702లో తయారైనది, నేటికీ భద్రంగా ఉన్నది.

పెడల్ హార్ప్‌లో స్పెయిన్‌కు చెందిన నికనోర్ సబలేటా (1907–1993) నాకు అత్యంత ఇష్టుడు. హార్ప్‌లో తీగ మోగించడం కన్నా ఆపడం కష్టం, నాదాలు ఒకదానిలో ఒకటి కలిసి మసకబారుతాయి. ఆయన తన వాద్యానికి నాదాన్ని అణచే ఎనిమిదో పెడల్‌ను పెట్టించుకున్నాడు. ఆయన వాదనంలోని ఆ తేటదనం వినిపించి, తరువాత దానికి పూర్తిగా విరుద్ధంగా ఆలిస్ కోల్‌ట్రేన్‌ను వినిపించండి. పెడళ్లతో స్వరాలను ముందే అమర్చుకుని, తీగలన్నింటినీ ఒక్క ఊపులో దువ్వి, ఆ కలగలుపునే సంగీతం చేసింది ఆమె. భర్త జాన్ కోల్‌ట్రేన్ పురమాయించిన హార్ప్ ఆయన 1967లో మరణించిన తరువాత ఇంటికి చేరింది. 1971 నాటి ఆమె రికార్డులో హార్ప్ వెనుక తంబూర వినబడుతుంది. తరువాత ఆమె పుట్టపర్తి సాయిబాబా భక్తురాలై కాలిఫోర్నియాలో ఆశ్రమం నడిపింది. ఆలిస్ సొంత ఊరైన డెట్రాయిట్ నుంచే వచ్చిన డొరతీ ఆష్బీ ఆమెకన్నా ముందే జాజ్‌లో హార్ప్ వాయించింది, ఆమెను మరచిపోకండి. గురువు లేకుండా తన సొంత పద్ధతిలో తీగలు శ్రుతి చేసుకున్న హాస్యనటుడు హార్పో మార్క్స్‌ను చివర్లో చూపితే అందరూ నవ్వుతూ ఇంటికి వెళతారు.

హార్ప్ పూర్తిగా పరాయిదని మాత్రం చెప్పకండి. అమరావతి శిల్పాలలో స్త్రీల ఒడిలో ఉన్నది విల్లులా వంగిన హార్పే, సముద్రగుప్తుడి నాణెం మీద ఉన్నదీ అదే. మన దేశంలో అది దాదాపుగా కనుమరుగై, మధ్యప్రదేశ్‌లోని పర్ధాన్ గోండుల బిన్‌బాజా వంటి ఒకటి రెండు రూపాలలో మిగిలింది. బర్మాలో మాత్రం సౌంగ్ అనే పేరుతో ఆస్థాన వాద్యంగా నిలిచింది. పడవ ఆకారపు కర్ర డొల్ల, దానిపై జింక తోలు, నేడు సాధారణంగా 16 తీగలు. మన జిల్లాల నుంచి కూలికి, వ్యాపారానికి రంగం (రంగూన్) వెళ్లిన మన తాతల తరం ఆ వాద్యాన్ని ఏ పండుగలోనో విని ఉండవచ్చునని నాకు తరచూ అనిపిస్తుంది.

కోటవీధి శ్రోత, విజయనగరం

అందరికీ కృతజ్ఞతలు. తని ఆవర్తనంతో మొదలుపెట్టి, ఖోముస్, లిటిల్ వాల్టర్, 'షోలే' స్వరం, ఓకారలన్ బాణీ, సబలేటా, ఆలిస్ కోల్‌ట్రేన్, బర్మా సౌంగ్ అనే వరుస కుదిరింది. గమకం మీద వాదన మేడ మీద తప్పక జరుగుతుంది. బొబ్బిలి వారి పక్షమే గెలుస్తుందని ఇప్పుడే చెప్పగలను, మా వాళ్లలో సగంమంది వయొలిన్ వారు. ఓయిలెన్‌స్టైన్ కథ అమ్మగారికి చెప్పాను, ఆవిడ భయం ఇంకా పెరిగింది. అయినా పళ్లు గట్టిపడిన పిల్ల కాబట్టి వేసవి తరువాత చూద్దామన్నారు. మొదటి మోర్సింగ్ ఏ శ్రుతిలో తీసుకోవాలి?

లయ విద్యార్థి, శ్రీకాకుళం

అమ్మాయి సాధన చేస్తున్న మృదంగం ఏ శ్రుతిలో ఉన్నదో దానికే తీసుకోండి. ఇంట్లో రెండూ కలిపి వాయించుకోవచ్చు. సరిగ్గా కుదరకపోతే కాస్త ఎక్కువ శ్రుతిది తీసుకుంటే మైనంతో దించవచ్చు, తక్కువదైతే పెంచడం తేలిక కాదు. కొనేముందు వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఉక్కు నాలుకకు రెండు వైపులా ఉన్న సందు సమానంగా, కాగితమంత సన్నగా ఉండాలి. సందు వెడల్పైతే నాదం పేలవంగా ఉంటుంది, ఒక పక్కకు ఒరిగితే చట్రానికి తగిలి గరగరలాడుతుంది. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె రాసి, నాలుకకు దెబ్బ తగలకుండా చెక్క డబ్బాలో ఉంచమనండి. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో తుప్పు త్వరగా పడుతుంది. తుప్పు పట్టిన నాలుక బరువు మారి శ్రుతి తప్పుతుంది.